లాడాల హుస్సేన్ గురించి నేను చెప్పిన మాట

మొన్న మా షాపులో ఎద్దు పుండుకు మందు తీసుకుంటూ ఒక రైతు అడిగాడు.

"లాడాల సాయిబు పోయినాడంట గదా సారూ? ఇంక మా ఎద్దులకు లాడాలు యాడ కొట్టిచ్చేది?"

"సాయిబని చెప్పలేమప్పా," అన్నాను.

"మరి?"

మందు సీసాను కాగితంలో చుట్టి చేతికిచ్చాను. ఆయన గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "సాయిబు కాకుంటే హుస్సేనని పేరెందుకుంటాది సారూ?" అన్నాడు. నేనేమంటానో అని ఆగలేదు. బస్సు టైమయినట్టుంది.

ఆయన అడిగిన ప్రశ్నకు నేను ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను. ఈ వేసవిలో కుప్పంలో, ఒక ఆస్పత్రి వరండాలో నిలబడి, నలుగురు వింటుండగా, చాలా గట్టిగా చెప్పాను. ఆ మాట మీద ఒక మనిషిని మట్టి చేశారు. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. తీసుకుని దాని చోట ఇంకో మాట పెడదామంటే నా దగ్గర ఇంకో మాట లేదు. అందుకే ఇది కొంచెం గజిబిజిగా ఉంటుంది.

నాది మదనపల్లెలో పశువుల మందుల షాపు. మిషన్ ఆస్పత్రి పక్క వీధిలో ఉంటుంది. నా పేరు యోసేపు. హుస్సేన్ మాత్రం నన్ను యూసుఫప్పా అనేవాడు. "యోసేపు అన్నా యూసుఫ్ అన్నా ఒగడే గదప్పా, బావిలో తోసేసినా బతికొచ్చినోడు," అని నవ్వేవాడు. మా పాస్టరు గారు ఒకసారి ఈ మాట విని ముఖం చిట్లించారు. తర్వాత ఆలోచించి, "కథ అదేలే," అన్నారు.

ఆయన పేరు రాసేశాను కాబట్టి ఎవరో చెప్పేసినట్టు కాదు. పుంగనూరు పశువుల సంతలో నిలబడి "హుస్సేనూ" అని కేకేసి చూడండి. ఒక సాయిబు తిరుగుతాడు, గొర్రెల కంబళి కప్పుకున్న కురబాయన ఒకరు తిరుగుతాడు, తలపాగా చుట్టిన రెడ్డి కూడా తిరిగినా తిరుగుతాడు. మా షాపుకు వచ్చే ముసలి రైతుల్లో హుస్సేనప్పలు, మస్తానప్పలు, ఫకీరప్పలు ఎంతమంది ఉన్నారో. పీర్ల చావిడి దగ్గర మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు వాళ్లు. ఆడపిల్లయితే ఉసేనమ్మ. వాళ్ల మనవళ్లు మాత్రం యశ్వంత్‌లు, రిత్విక్‌లు. సాయిబుల్లోనూ అంతే, ఇప్పుడు అయాన్‌లు, జయాన్‌లు. మా చర్చిలో నా తర్వాత ఇంకో యోసేపు పుట్టినట్టు నాకు గుర్తు లేదు.

కాబట్టి ఆయన్ను జనం పేరుతో కాక పనితో గుర్తుపెట్టుకున్నారు. లాడాల హుస్సేన్. మన వైపు లాడాలు కొట్టేవాళ్లు ఎక్కువమంది సాయిబులే కాబట్టి, లాడాల సాయిబు. ఇంటిపేరు నాకు తెలియదు. అడగలేదు.

మనిషి పొట్టి. ఎప్పుడో ఎద్దు తన్నితే ముక్కు ఒక పక్కకు ఒరిగిపోయింది. భుజాన గోనెసంచి, అందులో సుత్తి, గిట్ట చెక్కే ఉలి, లాడాలు, మేకులు. కుడి చేతికి దర్గాలో కట్టే ఆకుపచ్చ దారం ఉండేది. భుజం మీద నల్ల కంబళి ఎండాకాలంలో కూడా ఉండేది. దారాన్ని మాత్రమే నేను లెక్కలోకి తీసుకున్నాను. కంబళి చలికి అనుకున్నాను. మే నెలలో మదనపల్లెలో చలేమిటని నాకు తట్టలేదు.

సంతలో ఆయన పని చూడ్డం నాకు ఇష్టం. తాడు నడుం చుట్టూ తిప్పి లాగితే ఎంత ఎద్దయినా మెల్లగా ఒక పక్కకు ఒరిగేది. నాలుగు కాళ్లూ దగ్గరికి చేర్చి కట్టేవాడు. ఆ పైన రైతును ఒకటే అడిగేవాడు.

"దీని పేరేం?"

"ఎద్దుకు పేరేందప్పా?"

"పేరు ల్యాకుండా మేకు కొట్టను. ఎవురి కాలో తెలీకుండా యాల కొట్టేది?"

రైతు నవ్వుతూనో విసుక్కుంటూనో ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఆయనే పెట్టేసేవాడు. ఒక ఎద్దుకు రామప్ప, ఇంకోదానికి దొరస్వామి, ఒకసారి కొమ్ములు విరిగిన మొండి ఎద్దుకు నా ఎదుటే యూసుఫ్ అని పెట్టాడు. "కోపం జేసుకోవాకప్పా, ఇది గూడా మందులు బాగా తాగతాది," అన్నాడు. సంత అంతా నవ్వింది. పేరు పెట్టాక మాత్రం ఆ ఎద్దును ఆ పేరుతోనే బతిమాలేవాడు. "రామప్పా, ఇంగొగటి, ఒగటే ఒగటి, అయిపాయె." మేకు గిట్ట పెంకులో నుంచి వంకరగా పైకొచ్చి, కొన కత్తిరించేదాకా ఆ మాట ఆపేవాడు కాదు.

పని అయ్యాక మా షాపుకొచ్చి, పురుగులు పట్టిన గిట్టలకు పూసే నూనె తీసుకుని, మెట్ల మీద కూర్చునేవాడు. ఎదురుగా టీ కొట్టు. టీ కొట్టామె ఒకరోజు అడిగింది.

"హుస్సేనంటే ఏమర్థం తాతా?"

"రెండో టీ అడగనోడు అని," అన్నాడు. ఆమె గ్లాసు కడిగే లోపల, "ఇంగొగ టీ పొయ్యమ్మా," అన్నాడు.

ఆ పేరుకు ఆయన చెప్పే అర్థాలకు అంతు లేదు. ఎద్దు కాలు విదిలించుకుంటే, "హుస్సేనంటే పట్టుకుంటే వదలనోడు" అనేవాడు. తాడు తెగి ఎద్దు పరుగెత్తితే, "హుస్సేనంటే పోయేదాన్ని పోనిచ్చేవోడు." అంగళ్లు ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీ పిల్లవాడొకడు తన కుక్కపిల్లకు మందు కోసం వచ్చి, ఈ మాటలన్నీ విని ఫోన్ తీశాడు.

"తాతా, ఇందులో చూపిస్తాండాది. అరబ్బీలో హుస్సేనంటే చిన్న అందగాడు అంట."

ఆయన ఒరిగిన ముక్కును వేలితో తడుముకున్నాడు. "నీ ఫోను నన్ను సూళ్లేదు నాయనా," అన్నాడు.

నాకు చెప్పింది మాత్రం వేరే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం. నీళ్ల గ్లాసు ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "యూసుఫప్పా, హుస్సేనంటే దప్పిక తెలిసినోడు," అన్నాడు. కర్బలా ఎడారిలో ఆ మొదటి హుస్సేన్ వాళ్లను శత్రువులు ఏటికి అడ్డం నిలబడి నీళ్లు ముట్టనివ్వకపోవడం, చంటిబిడ్డ గొంతు ఎండిపోవడం చెప్పాడు. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత ఇంట్లో జరిగినట్టు చెప్పాడు. ఆ పైన గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

ఆ కన్నీళ్లు చూసి సాయిబేనని నేను తీర్మానించుకున్నాను. పీర్ల పండుగ రోజు ఈ కథకు ఏడవని పల్లె మా జిల్లాలో లేదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. రంజాన్ నెలలో కొన్ని రోజులు మా షాపులో టీ ముట్టేవాడు కాదు, "నోరు కట్టేసినా" అనేవాడు. అదీ లెక్కలో వేసుకున్నాను. శనివారం క్రిస్మస్ పడితే మా ఇంట్లో బిరియాని తినకుండా ఒట్టి పెరుగన్నం తిన్నాడు. "శనివారం ముట్టనప్పా" అన్నాడు. అది లెక్కలో వేసుకోలేదు. ముసలాయన, కడుపు బాగాలేదేమో అనుకున్నాను.

ఒక్కసారి మాత్రం సూటిగా అడిగాను. "ఇంతకూ నువ్వు సాయిబువా, కాదా?"

"ఎవురడుగుతాండారు? నువ్వా, మీ పాస్టరా?"

"నేనే."

"నువ్వయితే టీ చెప్పు. పాస్టరయితే ఆదివారం వచ్చి చెప్తా."

టీ చెప్పాను. విషయం అక్కడితో పోయింది.

ఈ వేసవిలో కుప్పం నుంచి ఫోను వచ్చింది. సంతలో పడిపోతే ఎవరో ఆస్పత్రికి తెచ్చారట, తెచ్చేసరికే పోయాడట. జేబులో కార్డులేవీ లేవు. ఆయన బటన్ల ఫోనులో ఉన్నవన్నీ ఎద్దులవాళ్ల నంబర్లు, ఎవరికి చేసినా "లాడాలు కొట్టేటాయన, అంతకు మించి తెలీదు" అన్నారు. చివరగా మాట్లాడిన నంబరు నాది. నూనె ఉందా అని అడగడానికి చేసిన ఫోను అది.

మదనపల్లె నుంచి పుంగనూరు, అక్కడి నుంచి పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి ఎండ మండిపోతోంది. వరండాలో ఒక కానిస్టేబులు, ఆస్పత్రి ఉద్యోగి, సంత దగ్గరి మసీదు పెద్దాయన, ఆయన వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నారు. తెల్ల గడ్డం, మెత్తటి మాట ఆ పెద్దాయనది.

"సార్, వేడికి ఎక్కువసేపు పెట్టకూడదంటాండారు. మీరు బాగా ఎరిగినవాళ్లు గదా. ఈయన మా మనిషేనా?"

అందరూ నా వైపు చూశారు. నాకు తెలుసని అందరూ అనుకుంటున్నప్పుడు తెలియదని అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే కష్టమని కూడా అనిపించలేదు, మాట దానంతటదే వచ్చేసింది.

"అవును. నాకు బాగా తెలుసు. ముస్లిమే. ఆయన నోటితోనే చెప్పాడు."

కానిస్టేబులు రాసుకుని సంతకం తీసుకున్నాడు. మసీదు వాళ్లు ఎంతో మర్యాదగా అంతా జరిపించారు. స్నానం చేయించి, కొత్త తెల్లగుడ్డ చుట్టి, అత్తరు పూసి, వరుసగా నిలబడి నమాజు చదివారు. అందరితో పాటు నేనూ మట్టి వేశాను. సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ, దిక్కులేని శవం కాకుండా మంచి పని చేశానని నాకు తృప్తిగా ఉండింది.

కొన్ని వారాలకు ఒకామె షాపుకొచ్చింది. అరవై దాటి ఉంటాయి. భుజాన నల్ల కంబళి. చూడగానే గుర్తుపట్టాను. అదే నేత, అదే అంచు.

"మందుల షాపు సారు నువ్వేనా? మా తమ్మున్ని మట్టి సేయించింది నువ్వేనంట. పుంగనూరు సంతలో చెప్పినారు."

కూర్చోమని స్టూలు వేశాను. కూర్చోలేదు.

"మేం గొర్రెలోళ్లం అప్పా. రామసముద్రం కాడ పల్లె. మా యమ్మకు బిడ్డలు పుట్టి పుట్టి పోతాంటే పీర్ల చావిడి కాడ మొక్కుకునింది. ఆ పొద్దు నిప్పులగుండం తొక్కింది. వాడు నిలబడినాడు. అందుకని హుస్సేనని పెట్టినారు. వాన్ని తురకోడని ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్పినానమ్మా."

ఆమె తిడుతుందనుకున్నాను. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఆమె వచ్చింది దెబ్బలాటకు కాదు. ఆమె కొడుకు మంజునాథకు మగబిడ్డ పుట్టాడు. వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొక్కుకుని తెచ్చుకున్న పేరు ఇల్లు దాటి పోకూడదు. ఆ పేరున్న మనిషి పోతే, తర్వాత ఆ ఇంట్లో పుట్టే మగబిడ్డకు అదే పెట్టాలి. పెట్టకపోతే మొక్కు తెగినట్టే. ఇన్నేళ్లు పెళ్లీ పిల్లలూ లేకుండా సంతలు పట్టుకుని తిరిగిన తమ్ముడికి మిగిలింది ఆ పేరొక్కటే. కొడుకు ఒప్పుకోవడం లేదు.

"మామ ఆ పక్కకు పోయినాడు, పేరూ ఆయప్పతోనే ఆడికి పాయె, మనకేం సంబంధమంటాడు. నువ్వు సంతకం పెట్టినావంట గదా, అదే చూపిస్తాండాడు. ఎవురో తెలిసిన సారే చెప్పినంక నువ్వేందమ్మా చెప్పేది అంటాడు."

నా మాట ఇంత దూరం వచ్చింది.

ముందు కుప్పం పోదామన్నాను. మసీదు పెద్దాయనకు నిజం చెప్పి క్షమాపణ అడగాలనిపించింది. ఇద్దరం వెళ్లాం. ఆయన నా మాటలు పూర్తిగా విని, గడ్డం నిమురుకుని, నేను అనుకోని మాట అన్నాడు.

"మాకు అనుమానమే సార్. రంజాన్లో మాతో కూచోని గంజి తాగుతాండె. నమాజుకు నిలబడింది నేను సూళ్లేదు. ఒగసారి అడిగితే 'మా యమ్మ మొక్కిన పేరు సాబ్' అన్నె. ఆ పొద్దు అదే మీకు చెప్దామనుకుంటి. ఆ లోపల మీరు బాగా తెలుసంటిరి. చదువుకున్నోళ్లు, పైగా మీరు ఈ పక్కా కాదు, ఆ పక్కా కాదు. మీకన్నా మాకెక్కువ తెలుస్తాదా అని ఊరకుంటిమి."

నేను అడిగాను, "అంటే ఆయన మీ మనిషి కాదా?"

"అదీ చెప్పలేను సార్. ఒగసారి జ్వరమొచ్చి మసీదు అరుగు మీద పండుకున్నప్పుడు, నేను చచ్చిపోతే ఈడనే పెట్టండి అన్నె. జ్వరంలో అన్న మాట. దాన్ని ఏమనుకోవాల?"

అక్క ఆ మాట విని ముఖం తిప్పుకుంది. అప్పటిదాకా నాకు ఒక తప్పు మాత్రమే కనిపిస్తుండింది. దాన్ని సరిచేస్తే చాలనుకున్నాను. ఇప్పుడు అది తప్పో కాదో కూడా తెలియకుండా పోయింది.

సమాధి దగ్గర ఆమె అడిగింది. "తల యా పక్కకు పెట్టినారు?"

"ఉత్తరం తల్లీ. ముఖం పడమటికి," అన్నాడు పెద్దాయన.

"మేం దచ్చినం పెడతాం."

పెద్దాయన కాళ్ల వైపు చూసుకుంటూ, తీసుకుపోతామంటే కమిటీలో మాట్లాడి చూస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "పండుకున్నోన్ని యాల లేపేది? అయిందేమో అయిపాయె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సమాధి పక్కన కూర్చుంది. ఆ పైన ఒక్కసారిగా, "ఆ పేరుకు అర్థమేంది సామీ? వాడు నాకు పొద్దుకొగటి చెప్తాండె," అంది.

పెద్దాయన మొదటిసారి నవ్వాడు. "అసలుది చెప్తా. హసన్ అంటే సక్కనోడు, మంచోడు. ఆ పేరు అన్నకు పెట్టినారు. తమ్ముడు పుడితే హుస్సేన్ అన్నారు. చిన్న హసన్ అని. మా ప్రవక్త తన మనవళ్లకు పెట్టిన పేర్లు. అన్న పేరే తమ్మునికి కొంచెం చిన్నది చేసి పెట్టినట్టు. ఆ తమ్ముడు కర్బలాలో చచ్చిపోయినాక పేరు దేశదేశాలు పాకింది. మన పల్లెల్లోకి పీర్లతో పాటు వచ్చింది."

"మా వానికీ ఒగ అన్న ఉండె," అంది ఆమె. "పుట్టిన తొమ్మిదోనాడు పాయె. వానికి పేరు పెట్టనే లా."



పేరు పెట్టే రోజుకు నన్ను రమ్మంది. రామసముద్రం దగ్గర బస్సు దిగితే ఆమె ఎదురొచ్చింది. పల్లె దాకా నడుస్తూ నాకు పాఠం చెప్పింది.

"ఎక్కువ మాటలొద్దు. 'ఆయన కడదాకా మీ మనిషే, నేనే తప్పు చెప్పినా' అను. అంతే. అర్థమాయెనా?"

"అర్థమైందక్కా."

"జ్వరంలో అన్న మాట చెప్పొద్దు."

"చెప్పను."

ఇంటి ముందు షామియానా. లోపల చీరతో కట్టిన తొట్టె. మంజునాథ ముప్పై లోపు మనిషి, కుప్పం నుంచి రైల్లో బెంగళూరు పోయి పని చేస్తాడు, వారానికొకసారి వస్తాడు. నాకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. మర్యాదలో లోటు లేదు. గొంతులో మాత్రం పట్టుదల ఉంది.

"సారూ, మా యమ్మ మిమ్మల్ని యాల తెచ్చిందో నాకు తెలుసు. నాకు మా మామ మీద కోపం లేదు. నన్ను ఎత్తుకుని తిప్పినోడు. కానీ నా బిడ్డ రేపు బెంగళూరుకొచ్చి ఇల్లు అద్దెకు అడిగితే పేరడుగుతారు. హుస్సేనంటే ఒగరు ఇయ్యరు. కాదు హిందువులమంటే ఇంగొగరు నవ్వుతారు. ఆ బాధ వానికి యాల? సరే, మా ఇంట్లో పేరే అయితే పడతాం. మాది కానిదాన్ని నెత్తిన యాల పెట్టుకోవాల? అందుకని సూటిగా అడుగుతాండా. మా మామ ఆ పక్కకు పోయినాడా, లేదా?"

అక్క నన్నే చూస్తోంది. పెదవులు కదిలిస్తూ నా చేత చెప్పించడానికి చూస్తోంది. చెప్పవలసిన మాట చిన్నది. చెబితే ఆమె మొక్కు నిలబడుతుంది, నా మనసు తేలికపడుతుంది. నోరు తెరిచాను. కంబళి, ఆకుపచ్చ దారం, పెరుగన్నం, కట్టేసిన నోరు, జ్వరంలో అన్న మాట అన్నీ ఒకేసారి వచ్చి అడ్డం నిలబడ్డాయి.

"నాకు తెలీదు మంజునాథా," అన్నాను.

"తెలీదా? కుప్పంలో బాగా తెలుసంటిరి గదా?"

"అప్పుడూ తెలీదు. తెలీకుండానే చెప్పినాను. ఇప్పుడు కాదంటే అదీ తెలీకుండా చెప్పినట్టే."

అక్క రెండు చేతులతో నెత్తిన కొట్టుకుంది. "అయ్యో నా రాతా! తెలీనప్పుడేమో తెలుసంటివి. తెలుసనాల్సినప్పుడేమో తెలీదంటాండావు. నీకు ఏదన్నా ఒగటి టయానికి తెలిసేది ఎప్పుడప్పా! యాడి నుంచి తెస్తినో నిన్ను!"

వెనకాల ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నేను తల దించుకున్నాను. మంజునాథ నవ్వలేదు. నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"మా యమ్మ నేర్పిచ్చి తెచ్చిన మాట చెప్తారనుకుంటి," అన్నాడు మెల్లగా. "చెప్పింటే, లేచి పోండి సారూ అని చెప్దామనుకుంటి."

కాసేపటికి అతని భార్య, అప్పటిదాకా తొట్టె దగ్గర కూర్చుని ఒక్క మాట మాట్లాడని పిల్ల, మొగుణ్ణి అడిగింది. "ఆ పక్కకు పోయినాడని తెలిసేవాళ్లు ఎవురన్నా ఉండారా?"

"ఎవురుండారు?"

"పోలేదని తెలిసేవాళ్లు?"

"లేరు."

"మరి పేరు మన ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా?"

మంజునాథ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తల్లి వైపు చూసి, "ఏందన్నా సేసుకో పో," అన్నాడు. అది ఒప్పుకోలో విసుగో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క అది తెలుసుకోవడానికి ఆగలేదు. కొడుకు మనసు మారే లోపల తొట్టె దగ్గరికి పరుగెత్తి, బిడ్డ మీదికి వంగి, అందరికీ వినబడేలా హుస్సేనూ అని మూడుసార్లు పిలిచేసింది. నాకు మాత్రం పాయసం ఇవ్వలేదు. కోడలు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం మంజునాథ బైకు మీద నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు. బస్సు దూరంగా కనబడ్డాక అన్నాడు.

"సారూ, బడిలో యాల ఈ పేరని అడుగుతారు. రేపు పెండ్లిచూపుల్లో అడుగుతారు. వాడు ఏడ్సుకుంటా వచ్చి నన్నడిగితే నా కాడ జవాబు లేదు. నీ షాపు కాడికే పంపిస్తా. నువ్వే చెప్పుకో."

"పంపించు," అన్నాను. బస్సెక్కాక భయం వేసింది.

వాడింకా తొట్టెలో ఉన్నాడు. వచ్చి అడిగేనాటికి నేను ఉంటానో లేదో. అందుకని ఇక్కడే చెబుతున్నాను. నాయనా, మీ తాత ఏ పక్కవాడో నాకు తెలియదు. తెలుసని నేను చెప్పింది అబద్ధం. ఆ మాట నీకు ఎక్కడైనా, ఏ కాగితంలోనైనా కనిపిస్తే నమ్మవద్దు. నేను చూసింది ఇంతే: ఒక పొట్టి మనిషి, ఒరిగిన ముక్కు, మా షాపు మెట్ల మీద టీ గ్లాసు. ఇంతకన్నా ఎక్కువ తెలుసని ఎవరైనా నీతో అంటే, ఎదురుగా కూర్చోబెట్టి, నీకెట్ల తెలుసని నింపాదిగా అడుగు. నన్ను ఆ రోజు ఎవరూ అడగలేదు.